ఏరువాక పిల్ల

చిన్నప్పుడు నేను వహీదా రెహమాన్ మా బంధువుల్లో ఎవరో అనుకునేవాణ్ణి. అమ్మ మాటల్లో అలా వచ్చేది మరి. "మన ఏరువాక పిల్ల బొంబాయి వెళ్ళి ఎంత పేరు తెచ్చుకుందో చూడండి" అని పక్కింటి పిన్నిగారితో అంటుంటే, మా అమ్మమ్మగారి ఊరి అమ్మాయి ఎవరో పెళ్ళి చేసుకుని అక్కడికి వెళ్ళిందేమో అనుకున్నాను. ఎనిమిదో క్లాసులో ఉండగా దూరదర్శన్‌లో ఆదివారం హిందీ సినిమా చూస్తున్నప్పుడు అమ్మ తెర మీదకి వేలు చూపించి "అదిగో, మన పిల్ల" అంది. అప్పుడు తెలిసింది, బంధువు కాదని.

'రోజులు మారాయి' వచ్చింది 1955లో. అమ్మకి అప్పుడు పదమూడేళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూరు వాళ్ళది, తాతయ్యది కౌలు సేద్యం. తాపీ చాణక్య తీసిన ఆ సినిమాలో కౌలు రైతుల గోడు ఉంది, అక్కినేని ఉన్నాడు, షావుకారు జానకి ఉంది, అందుకని ఊరంతా బళ్ళు కట్టుకుని వెళ్ళింది. ఆడపిల్లలకి మాత్రం వచ్చేటప్పుడు ఒక్కటే మిగిలిందట, కొసరాజు రాసిన ఏరువాక పాట. మాస్టర్ వేణు బాణీ, జిక్కి గొంతు, ఆ పాటకి ఆడిన ఎవరో కొత్తమ్మాయి. ఆ అమ్మాయికి పదిహేడేళ్ళుంటాయేమో. ఆ ఒక్క డాన్సుకే జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళారని అమ్మ చెప్పేది. ఇంటికొచ్చాక అమ్మా, మా పెద్దమ్మా, ఎదురింటి ఇద్దరు పిల్లలూ దొడ్లో లంగాలు ఎగదోపి అదే డాన్సు చేస్తుంటే, అమ్మమ్మ చీపురు పట్టుకుని బయటికి వచ్చి, వాళ్ళని కొట్టకుండా కాసేపు అలా చూస్తూ నిలబడిందట. ఈ సంగతి అమ్మ ఎన్నిసార్లు చెప్పినా చివర్లో "అమ్మ నన్ను కొట్టలేదురా" అనేది, అదేదో గొప్ప వింత అయినట్టు.

తర్వాత 1960 ప్రాంతంలో రేడియోలో ఒక హిందీ పాట వచ్చిందట, 'బంబయి కా బాబు' సినిమాలోది, ఆశా భోంస్లే పాడింది. వింటుండగానే అమ్మ లేచి కూర్చుంది. ఏరువాక బాణీయే! ఎస్.డి. బర్మన్ అంతటివాడు మన పాట బాణీని తీసుకున్నాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, అమ్మ రేడియో దగ్గర కాపు కాసి మళ్ళీ వచ్చినప్పుడు అందరినీ పిలిచి వినిపించింది. ఆ సినిమాలో వహీదా లేదు, సుచిత్రా సేన్ హీరోయిన్. అయినా అమ్మ లెక్కలో ఆ పాట కూడా వహీదా ఖాతాలోకే వెళ్ళింది.

వహీదా పుట్టింది తమిళనాడు చెంగల్పట్టులో, 1938లో. తండ్రి ప్రభుత్వంలో ఆఫీసరు, బదిలీల ఉద్యోగం, అందుకే చిన్నతనంలో కొంతకాలం విశాఖపట్నంలో గడిచింది. ఆమె పదుల వయసులోకి వచ్చేసరికే ఆయన పోయారు. భరతనాట్యం నేర్చుకుంది కాబట్టి ఆ విద్యతోనే తెలుగు సినిమాల్లో అడుగుపెట్టింది, రామారావుతో 'జయసింహ' కూడా 1955లోదే. తండ్రి లేని ఇంట్లో ఆడపిల్ల సంపాదించాల్సి రావడం అంటే ఏమిటో అమ్మకి బాగా తెలుసు. తాతయ్య పోయాక, 1961లో గుంటూరులో నర్సు ట్రైనింగుకి వెళ్ళిన మనిషి ఆమె. ఆ రోజుల్లో నర్సు ఉద్యోగం అంటే బంధువులు ఏమనేవాళ్ళో నేను ఇక్కడ రాయను.

హిందీ దర్శకుడు, నిర్మాత గురుదత్ వహీదాని ఎలా చూశాడన్న కథ ఇప్పుడు అందరికీ తెలిసిందే. హైదరాబాదులో ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో కూర్చుని ఉండగా వీధిలో గోల, కారు చుట్టూ జనం. ఏమిటంటే 'రోజులు మారాయి'లో డాన్సు చేసిన అమ్మాయి అన్నారు. ఆ అమ్మాయికి ఉర్దూ బాగా వచ్చని తెలిసి ఆసక్తి పుట్టింది, కలిశాడు, కొన్ని నెలల తర్వాత బొంబాయి పిలిపించాడు. ఈ కథలో నాకు గొప్పగా అనిపించేది ఆ తర్వాతి ముక్క. 'సి.ఐ.డి.'కి అగ్రిమెంటు రాసుకునే రోజున దర్శకుడు రాజ్ ఖోస్లా పేరు మార్చుకోమన్నాడు, వహీదా రెహమాన్ అంటే మరీ పొడుగ్గా ఉంది, పెద్ద పెద్దవాళ్ళే మార్చుకున్నారు కదా అని. నిజమే, దిలీప్ కుమార్ మార్చుకున్నాడు, మీనా కుమారి మార్చుకుంది, మధుబాల మార్చుకుంది. ఈ పిల్ల మాత్రం మా అమ్మానాన్నలు పెట్టిన పేరు, మార్చను అంది. అంతటితో ఆగకుండా, నాకు నచ్చని బట్టలు వేసుకోను, అది కూడా కాగితం మీద రాయండి అంది. మేజరు కాదు కాబట్టి పక్కన తల్లి కూర్చుని ఉంది, సంతకం పెట్టాల్సింది ఆవిడే. ఒక డాన్సు పాటా, ఒకటి రెండు సినిమాలూ తప్ప వెనక ఏమీ లేని పిల్ల, ఎదురుగా గురుదత్ కంపెనీ. ఇప్పటి నా వయసులో కూడా అంత గట్టిగా నిలబడగలనా అంటే చెప్పలేను.

ఈ సంగతి ఏదో పత్రికలో చదివిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మ నైట్ డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు గోరువెచ్చటి ఉప్పు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. నేను చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. ఆసుపత్రిలో అమ్మ పేరు ఎవరికీ తెలీదు. రోగులకి సిస్టరమ్మ, డాక్టర్లకి సిస్టర్, ఆయాలకి సిస్టరుగారు, వీధిలో నర్సమ్మ, నాకు బళ్ళో "నర్సమ్మగారబ్బాయి" అనే పేరు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆమె పేరు సరిగ్గా రాసింది జీతాల రిజిస్టరులోనే. ఆ రోజు నుంచి అమ్మ "ఏరువాక పిల్ల" అనడం మానేసింది. పూర్తిగా, నిదానంగా, "వహీదా రెహమాన్" అనేది. నేను పాత అలవాటుతో ఏరువాక పిల్ల అంటే "ఆమెకి పేరుంది" అనేది.

'సి.ఐ.డి.' 1956, 'ప్యాసా' 1957. 'ప్యాసా'లో గులాబో వేషం గురించి చాలామంది చాలా రాశారు, నేను కొత్తగా చెప్పగలిగింది ఏముంది. కానీ ఒక్కటి. కవిత్వం కాగితాలు చిత్తు కింద అమ్ముడుపోతే వాటిని కొని దాచుకున్న వేశ్య కథ అది. ఆ సినిమాలో ఆమె మొహంలో సిగ్గూ జాలీ కలిసి ఉండవు, ఎదుటివాడి రాత మీద గౌరవం ఉంటుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లకి అది ఎలా తెలిసిందో! ఇక 'కాగజ్ కే ఫూల్' 1959లో, మన దేశంలో మొదటి సినిమాస్కోప్ సినిమా, ఆడలేదు, గురుదత్ దాని తర్వాత దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. స్టూడియో చీకట్లోకి పైనుంచి ఏటవాలుగా దిగిన ఆ వెలుగు, దాంట్లో వీళ్ళిద్దరూ, మైసూరు వి.కె. మూర్తి కెమెరా. ఇప్పుడు యూట్యూబులో ఆ నాలుగు నిమిషాలు ఎన్నిసార్లు చూశానో. ఆ తర్వాత 'చౌద్‌వీ కా చాంద్', 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్', 1962లో సత్యజిత్ రాయ్ 'అభిజాన్'. 'ప్యాసా'లో గులాబో అయితే రాయ్ దగ్గర గులాబీ. 1964 అక్టోబరులో గురుదత్ పోయాడు, నలభై ఏళ్ళు కూడా నిండకుండా. వాళ్ళిద్దరి గురించి ఏమేమో రాసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆమె నోరు విప్పలేదు. నా సొంత సంగతి నాది అని ఊరుకుంది. అమ్మకి ఇది కూడా నచ్చేది, ఎందుకంటే వార్డులో విన్న మాట ఇంట్లో చెప్పకూడదు అనేది ఆమె పద్ధతి.

'గైడ్' నేను థియేటర్‌లో చూశాను, 1989లో, హైదరాబాదులో చదువుకుంటుండగా, ఆదివారం మార్నింగ్ షో. ప్రింటు గీతలు పడి ఉంది, మధ్యలో రెండుసార్లు తెగింది, కానీ రంగులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆర్.కె. నారాయణ్ నవల, దర్శకుడు విజయ్ ఆనంద్, హీరో దేవ్ ఆనంద్. రోజీ దేవదాసి కూతురు, పరువు కోసం పెద్దాయన్ని పెళ్ళి చేసుకుంది, ఆయనకేమో గుహలూ శిల్పాలూ తప్ప పెళ్ళాం అక్కర్లేదు, డాన్సు అంటే అసహ్యం. మొగుణ్ణి వదిలి వేరేవాడితో ఉండే పాత్ర, 1965లో, అప్పటికే పెద్ద హీరోయిన్ అయినామె వేయడం అంటే మాటలు కాదు, చాలామంది వద్దన్నారట కూడా. వేసింది. రోజీ పాములవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ ఆట చూస్తూ చూస్తూ తను కూడా లేచి ఆడుతుంది చూడండి, ముందు కళ్ళు ఆడతాయి, తర్వాత భుజం, ఇక ఆపుకోలేదు. ఏళ్ళ తరబడి తాళం వేసిన గది తలుపు లోపల్నుంచే బద్దలైనట్టు ఉంటుంది. తర్వాత బజారులో గజ్జెలు కొనుక్కుని నడి వీధిలో కట్టుకుని నడుస్తుంది, ఆ పైన లతా పాట. థియేటర్‌లో నా ముందు వరసలో ఒక ముసలాయన ఆ పాటప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, పాట అయ్యేలోపు నాలుగుసార్లు.

ఆ రాత్రి అమ్మకి ఉత్తరం రాశాను. అమ్మ జవాబులో సినిమా సంగతి రెండు వాక్యాలే. "రోజీ ఆడేది అంతా ఏరువాకలోనే ఉందిరా. నువ్వు ఆలస్యంగా చూశావు."

ఆ సినిమాకి ఆమెకి ఫిల్మ్‌ఫేర్ వచ్చింది, మళ్ళీ 'నీల్ కమల్'కి. 1971లో 'రేష్మా ఔర్ షేరా'కి జాతీయ అవార్డు. సునీల్ దత్ తీశాడు, జైసల్మేరు ఎడారిలో. అందులో అమితాబ్ బచ్చన్‌ది మూగవాడి వేషం. అదే అమితాబ్‌కి 1976లో 'కభీ కభీ'లో భార్య అయింది, 1978లో 'త్రిశూల్' వచ్చేసరికి తల్లి అయింది! మన సినిమాల్లో ఆడవాళ్ళకి వయసు ఎంత తొందరగా వస్తుందో దీనికంటే ఎవరూ బాగా చెప్పలేరు. నాకు ఇప్పటికీ కోపమే.

'తీస్రీ కసమ్' గురించి చెప్పకుండా ఉండలేను. ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ, బాసు భట్టాచార్య దర్శకుడు, డబ్బు పెట్టింది పాటల రచయిత శైలేంద్ర. రాజ్ కపూర్ ఎడ్లబండి తోలేవాడు, ఈమె నౌటంకీ ఆటలో ఆడే హీరాబాయి. సినిమా మొదటి సగం బండి మీదే నడుస్తుంది, నిదానంగా, దారిలో చెట్లూ ఏరూ వస్తూ. మా పల్లెల్లో తిరనాళ్ళకి ఆట కట్టిన వాళ్ళని బళ్ళ మీద ఎక్కించుకుని తీసుకొచ్చేవాళ్ళు, అమ్మ అది చూసిన మనిషి, ఆ సినిమా చూస్తున్నంతసేపూ "ఎద్దుల్ని కాస్త ఆపి నీళ్ళు పెట్టొచ్చుగా" అంటూనే ఉంది. సినిమా సరిగ్గా ఆడలేదు. 1966 డిసెంబరులో శైలేంద్ర పోయాడు. ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు ఆ తర్వాత వచ్చింది.

ఇక 'ఖామోషీ'. ఈ పోస్టు అసలు దీని కోసమే మొదలుపెట్టాను, ఎక్కడెక్కడో తిరిగాను.

అశుతోష్ ముఖర్జీ బెంగాలీ కథ. అసిత్ సేన్ ముందు బెంగాలీలో సుచిత్రా సేన్‌తో తీశాడు, 1959లో. మరుసటేడు అదే కథ తెలుగులో 'చివరకు మిగిలేది'గా వచ్చింది, సావిత్రి, దర్శకుడు గుత్తా రామినీడు. అసిత్ సేనే మళ్ళీ హిందీలో తీసింది 'ఖామోషీ', నిర్మాతా సంగీతమూ హేమంత్ కుమార్, పాటలు గుల్జార్. పిచ్చాసుపత్రిలో నర్సు రాధ. ప్రేమలో దెబ్బతిని మతి చెడ్డ రోగికి ప్రేమ చూపిస్తే నయమవుతుందని పెద్ద డాక్టరు ఒక ప్రయోగం పెట్టి, ఆ ప్రేమ నటించే పని ఈమెకి అప్పజెబుతాడు. ఒకడికి నయమవుతుంది, వెళ్ళిపోతాడు. ఈమె మనసు మాత్రం నిజంగానే ఇచ్చేసి ఉంటుంది. ఇంకొకణ్ణి తెస్తారు, మళ్ళీ అదే పని. చివరికి ఈమెకే మతి పోతుంది.

మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ. సినిమా కూడా నలుపు తెలుపే కాబట్టి పోయింది ఏమీ లేదు. అమ్మకి హిందీ వచ్చు, హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక నుంచి రాష్ట్రభాష దాకా కట్టింది, నాకు మధ్య మధ్యలో చెప్పేది. ఆ రోజు ఏమీ చెప్పలేదు. పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్న చేట ఒళ్ళో అలాగే ఉండిపోయింది. హుగ్లీ నది మీద పడవలో రాజేశ్ ఖన్నా పాడుతుంటే, కిశోర్ గొంతు, రాధ వింటూ ఉంటుంది. వింటున్నది ఇతని పాట, మనసులో ఉన్నది వెళ్ళిపోయినవాడు. దానికి ఆమె పెద్దగా ఏమీ చేయదు. చూపు కొంచెం పక్కకి తిప్పుకుంటుంది, అంతే, మనకి అర్థమైపోతుంది. ఇంకో పాటలో, హేమంత్ కుమార్ తనే పాడినది, ధర్మేంద్ర మొహం కూడా మనకి సరిగ్గా కనపడదు. ఉండేది చీకటీ, గొంతూ, వింటున్న ఈమె.

సినిమా అయ్యాక కరెంటు పోయింది. అమ్మ దీపం వెలిగించలేదు. చాలాసేపటికి చీకట్లోనే మాట్లాడింది. "సావిత్రి ఏడిస్తే మనం కూడా ఏడ్చి తేలికపడి ఇంటికొచ్చాం. ఈమె ఏడవనివ్వదు" అంది. కాసేపాగి, తను గుంటూరులో ట్రైనింగులో ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళవాడు, ఒళ్ళు కాలి నెల్లాళ్ళు వార్డులో ఉన్నాడట. రోజూ కట్టు మార్చేది అమ్మే. కట్టు విప్పేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒకటి మాట్లాడించాలి, పాట పాడమంటే ఏరువాక పాడేవాడట, పళ్ళు బిగించి, చరణం చరణానికీ ఆగి. నయమై వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు అమ్మకి డ్యూటీ వేరే వార్డులో పడింది. అంతే, అంతకుమించి ఏమీ లేదు, అమ్మ కూడా అంతకుమించి చెప్పలేదు. నేను అడగలేదు. పద్నాలుగేళ్ళవాడికి ఏం అడగాలో తెలీదు. ఇప్పుడు తెలుసు, ఇప్పుడు కూడా అడగలేను.

మంచి నటి అంటే ఎవరని నన్ను ఎవరైనా అడిగితే ఆ చీకటే గుర్తొస్తుంది. మూడేళ్ళు మా అమ్మ పక్కనే పడుకున్నా ఎప్పుడూ వినని మాట, ఆ మనిషి తెర మీద ఒకసారి చూపు తిప్పుకుంటే బయటికి వచ్చింది.

1974లో వహీదా పెళ్ళి చేసుకుంది, 'శగూన్'లో తనతో నటించిన కమల్‌జీత్‌ని. తర్వాత బెంగుళూరు దగ్గర తోటలో ఉండేవాళ్ళు. ఆ ఏడాదే తెలుగులో అక్కినేనితో 'బంగారు కలలు' వచ్చింది, ఏరువాక తర్వాత పందొమ్మిదేళ్ళకి. కృష్ణ 'సింహాసనం'లో కూడా ఉంది. 2000లో భర్త పోయాక బొంబాయి తిరిగి వచ్చి, 'రంగ్ దే బసంతీ'లో, 'ఢిల్లీ-6'లో నటించింది, మన 'చుక్కల్లో చంద్రుడు'లో నాయనమ్మ వేసింది. జుట్టుకి రంగు వేసుకోవడం మానేసి తెల్లగా వదిలేసింది. ముసలితనంలో కెమెరా భుజాన వేసుకుని అడవుల్లో పులుల్నీ పక్షుల్నీ ఫోటోలు తీస్తోందని చదివి అమ్మ తెగ సంతోషపడింది. "ఇన్నాళ్ళూ ఆమెని అందరూ తీశారు, ఇప్పుడు ఆమె తీస్తోంది" అంది.

2023 సెప్టెంబరు 26న దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ప్రకటించారు. దేవ్ ఆనంద్ పుట్టి సరిగ్గా వందేళ్ళయిన రోజు. నేను ఆఫీసు నుంచి ఫోన్ చేసి "అమ్మా, ఏరువాక పిల్లకి ఫాల్కే" అన్నాను, కావాలనే. అవతల నుంచి వెంటనే, "వహీదా రెహమాన్ అను" అని వచ్చింది. తర్వాత "ఆమెకి ఇప్పుడు ఎన్నేళ్ళు?" అంది. ఎనభై ఐదు అన్నాను. "నాకంటే నాలుగేళ్ళు పెద్ద" అని, ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేసింది.

అక్టోబరు 17న ఢిల్లీలో ఇస్తుంటే టీవీలో చూపించారు. అమ్మకి మోకాళ్ళు పూర్తిగా పోయాయి, మంచం మీంచి దిగడం తగ్గిపోయింది, వీపు వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. తెల్ల జుట్టు, పట్టు చీర, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది ఆవిడ. ప్రకటించేటప్పుడు పేరు పూర్తిగా చదివారు, అమ్మానాన్నలు పెట్టిన పేరు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆవిడ కళ్ళు తడిశాయి.

నేను టీవీ వైపే చూస్తున్నాను. పక్కన చప్పుడైతే తిరిగి చూశాను. అమ్మ దుప్పటి పక్కకి నెట్టి, రెండు కాళ్ళూ కిందకి దించి, చీర పైట సర్దుకుంటోంది.

"ఆ వాకరు ఇలా ఇవ్వు నాన్నా" అంది.